ఉపాధి బాటలో అలసిన హృదయాలకు

(మొదటి ఖుత్బా)

సమస్త ప్రశంసలు మనల్ని సృష్టించి, మన అవసరాలు మనకన్నా ముందుగా ఎరిగి పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మనమందరం ఒకరికొకరం దైవభీతిని గుర్తుచేసుకుందాం. ఇంట్లో ఉన్నా, బజారులో ఉన్నా, దుకాణంలో కొనుగోలుదారుని ఎదుట నిలబడి ఉన్నా అల్లాహ్ మనల్ని చూస్తూనే ఉన్నాడన్న స్పృహతో జీవిద్దాం.

జుమా రోజుకు, వ్యాపారానికి దగ్గరి సంబంధం ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో సూరహ్ అల్ జుముఅహ్ 9, 10 వాక్యాలను చూడండి. జుమా నమాజు కోసం పిలుపు వినబడగానే క్రయవిక్రయాలను వదిలిపెట్టి దైవస్మరణ వైపు రమ్మని అల్లాహ్ ఆదేశించాడు. నమాజు ముగిసిన మీదట తిరిగి భూమిలో విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించుకోమన్నాడు. ఆ అన్వేషణలోనూ తనను అధికంగా స్మరించమన్నాడు. అంటే ఇస్లాం సంపాదనను చిన్నచూపు చూడలేదు. బజారుకు వెళ్లవద్దనలేదు. కాని బజారుకు ఒక హద్దు గీసింది. మనిషి బజారుకు వెళ్లి రావాలే గాని, బజారు మనిషిని మింగివేయరాదు. ఆ హద్దు చెరిగిపోయిన చోట నలిగిపోతున్న మన యువకులను గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన మహల్లాలలో డిగ్రీ ముగించిన కుర్రవాడికి చాలా సందర్భాలలో మొట్టమొదట దొరికేది అమ్మకాల ఉద్యోగమే. అక్కడ అనుభవం అడగరు. మాట తీరు బాగుండాలి, ఒక బండి ఉండాలి, ఒక ఫోను ఉండాలి. ఒకడు బట్టల షోరూములో నిలబడతాడు. ఒకడు సెల్‌ఫోన్ల దుకాణంలో చేరతాడు. ఒకడు మందుల కంపెనీ ప్రతినిధిగా సంచి భుజాన వేసుకుని ఆసుపత్రుల వరండాలలో డాక్టరు పిలుపు కోసం ఎదురుచూస్తాడు. ఒకడు ఊరి బయటి వెంచరులో ప్లాట్లు చూపిస్తాడు. మన ఆడపిల్లలు కాల్ సెంటర్లలో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, పరిచయం లేని వారికి పొద్దంతా ఫోన్లు చేస్తారు. ఇవన్నీ కష్టపడి చేసే పనులే. వీటిలో నామోషీ ఏమీ లేదు.

అయితే ఈ ఉద్యోగాల లోపలి పద్ధతిని పెద్దలు తెలుసుకోవాలి. జీతం తక్కువ. మిగిలినదంతా ఇన్సెంటివ్ మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి నెలా ఒక టార్గెట్ ఇస్తారు. ఉదయం మీటింగులో ఈ రోజు ఎన్ని అమ్ముతావని అడుగుతారు. సాయంత్రం ఎన్ని అమ్మావని అడుగుతారు. మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో అందరి పేర్లూ వరుసగా పెట్టి, ఎవరి పేరు అడుగున ఉందో అందరికీ చూపిస్తారు. ముప్పై రోజులు పరుగెత్తి టార్గెట్ చేరిన వాడికి కూడా ఒకటో తారీఖు రాగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పొలంలో పనిచేసిన రైతుకు పంట కళ్లముందు నిలబడుతుంది. గోడ కట్టిన మేస్త్రీకి గోడ కనబడుతుంది. ఈ కుర్రవాడికి నెల తిరిగేసరికి చేసిన పని ఏదీ మిగిలి కనబడదు.

పైగా రోజంతా వినే మాట ఒక్కటే: వద్దు. కొందరు మర్యాదగా వద్దంటారు, కొందరు కసురుతారు, కొందరు మాట పూర్తికాకముందే ఫోను పెట్టేస్తారు. మొదటి నెలలో అది పట్టింపుగా ఉండదు. ఆరో నెలకు ఆ మాట ఎముకల దాకా దిగుతుంది. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండెలో దడ మొదలవుతుంది. అన్నం సహించదు, నిద్ర పట్టదు. ఇంట్లో తల్లి, 'తిన్నావా నాయనా?' అని అడిగినా విసుక్కుంటాడు. క్రమంగా ఫజ్ర్ నమాజు పోతుంది. జుహర్ వాయిదా పడుతుంది. ఒకనాటికి జుమా కూడా నెలాఖరు టార్గెట్ కింద పడి నలుగుతుంది.

ఈ స్థితిని నేడు బర్నౌట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనిని చేర్చింది. దీనిని రోగంగా కాక, చాలాకాలం అదుపు చేయకుండా వదిలేసిన పని ఒత్తిడి వల్ల కలిగే పరిణామంగా పేర్కొంది. దానికి మూడు లక్షణాలు చెప్పింది. శక్తి హరించుకుపోవడం మొదటిది. చేసే పని పట్ల మనసు విరిగిపోవడం రెండవది. తన వల్ల ఏదీ కాదన్న భావన పెరగడం మూడవది. గమనించండి, ఆ నిర్వచనంలోనే దీని మూలం పని పరిస్థితుల్లో ఉందన్న సంగతి ఉంది. కనుక అలసిపోయిన కుర్రవాణ్ణి సోమరి అనడం అన్యాయం.

సోదరులారా! కొందరు దీనిని విశ్వాస బలహీనతగా కూడా కొట్టిపారేస్తారు. అదీ సరికాదు. విశ్వాసంలో మనందరికన్నా ఎన్నో రెట్లు ఉన్నతులైన ప్రవక్తలకు కూడా గుండె బరువెక్కింది. అవిశ్వాసుల మాటల వల్ల తన ప్రవక్త హృదయం ఎంతగా కుంచించుకుపోతున్నదో తనకు తెలుసునని సూరహ్ అల్ హిజ్ర్ 97వ వాక్యంలో అల్లాహ్ స్వయంగా అన్నాడు. ఆ బాధ ఎందుకని మందలించలేదు. ముందు ఆ బాధను గుర్తించాడు. ఆ తరువాతి వాక్యంలో తన ప్రభువును స్తుతించమనీ, సాష్టాంగపడేవారిలో చేరమనీ దారి చూపాడు. ఓదార్చడానికి ఇదే సరైన క్రమం. ముందు బాధను బాధగా ఒప్పుకోవాలి, ఆ పిదప దారి చూపాలి. మన ఇళ్లల్లో చాలాసార్లు మొదటి మెట్టు ఎక్కకుండానే రెండవ మెట్టు మీద నిలబడి ఉపదేశిస్తుంటాం.

ఈ అలసట పైకి ఒకటిగా కనిపించినా లోపల మూడు రకాలుగా ఉంటుంది. శరీరం అలసిపోవడం ఒకటి. తిరస్కారం వల్ల మనసు అలసిపోవడం మరొకటి. అబద్ధాలు చెప్పీ చెప్పీ అంతరాత్మ అలసిపోవడం ఇంకొకటి. ఏ అలసటకు ఆ మందు వేయాలి. నిద్ర చాలని వాడికి సహనం గురించి ఉపన్యసిస్తే ఫలితం ఉండదు. అంతరాత్మ కుములుతున్న వాడికి ఒక రోజు సెలవు ఇచ్చినా తీరదు.

మొదట శరీరం సంగతి చూద్దాం. సూరహ్ అన్ నబా 9 నుంచి 11 వరకు గల వాక్యాలలో అల్లాహ్ నిద్రను విశ్రాంతిగా, రాత్రిని ఆచ్ఛాదనగా, పగటిని జీవనోపాధి సమయంగా చేశానని తెలిపాడు. ఉపాధిని ప్రస్తావించే ముందు విశ్రాంతిని ప్రస్తావించడం గమనార్హం. నిద్ర ఆయన ప్రసాదించిన వరాలలో ఒకటి.

సహీహ్ బుఖారీలో ఒక ప్రసిద్ధ సంఘటన ఉంది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన ధార్మిక సోదరుడైన హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లారు. అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుగా గడిపేవారు. ఇంటిని, తనను తాను పట్టించుకోవడం మానివేశారు. సల్మాన్ (రజి) ఆయన చేత ఉపవాసం విరమింపజేసి భోజనం చేయించారు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో ఇద్దరూ లేచి నమాజు చేశారు. అప్పుడు సల్మాన్ (రజి), ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ ప్రాణానికి నీపై హక్కు ఉంది, నీ ఇంటివారికి నీపై హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి చెల్లించు అని బోధించారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ నిజం చెప్పాడని సమర్థించారు.

ఆలోచించండి. అల్లాహ్ ఆరాధన కోసమైనా శరీరం హక్కును కాలరాయడానికి అనుమతి లేనప్పుడు, ఏదో కంపెనీ టార్గెట్ కోసం కాలరాయడానికి అనుమతి ఎక్కడిది? కనుక యువకులారా, ఇషా తరువాత ఆఫీసు గ్రూపు చూడకుండా ఫోను పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి. మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టి టీ, బిస్కెట్ల మీద రోజు వెళ్లదీయకండి. వారాంతపు సెలవును బేరాలకు ధారపోయకండి. మీరు తిరిగే దారిలో ఏ సమయానికి ఏ మసీదు తగులుతుందో ముందే గుర్తుపెట్టుకోండి. జుహర్, అస్ర్ సమయాలలో బండి ఆపి, వుజూ చేసి, కాళ్లు కడుక్కుని, జమాఅతుతో నిలబడితే పట్టుమని పావుగంట పట్టదు. దైవప్రవక్త (స) హజ్రత్ బిలాల్ (రజి)తో నమాజు ద్వారా తమకు విశ్రాంతి కలిగించమని అనేవారు. నమాజును పని మధ్యలో వచ్చే అడ్డంకిగా చూసేవాడికి అది బరువు. పని మధ్యలో దొరికే నీడగా చూసేవాడికి అది ఊరట.

ఇక రెండవది, తిరస్కారం వల్ల కలిగే అలసట. దైవప్రవక్త (స) మక్కాలో ఉండగా ఉకాజ్, మజన్నహ్, జుల్ మజాజ్ సంతలకు వెళ్లి, తెగ తెగనూ కలిసి సత్య సందేశం వినిపించేవారు. ఒక్కొక్క తెగా కాదంటూ పోయింది. తాయిఫ్ పట్టణంలోనైతే రాళ్లతో కొట్టి తరిమారు. ఆ తరువాత ఒకనాడు మినా సమీపంలోని అఖబా వద్ద యస్రిబ్ నుంచి వచ్చిన కొద్దిమంది ఆ మాట విన్నారు. వారి ద్వారా మదీనా తలుపులు తెరుచుకున్నాయి. దైవసందేశాన్ని మనం అమ్మే సరుకుతో పోల్చడం లేదు, పోల్చరాదు కూడా. నేర్చుకోవలసిన పాఠం ఇది: కాదన్న ప్రతివాడి మాటనూ ఆయన తన విలువకు కొలతగా తీసుకోలేదు. అందజేయడం తన బాధ్యత, హృదయాలు తిప్పడం అల్లాహ్ పని అని నమ్మారు.

మన యువకుడు కూడా ఈ తేడాను పట్టుకోవాలి. పది ఇళ్ల తలుపు తట్టడం నీ చేతిలో ఉంది. ఆ పదింటిలో ఎందరు కొంటారన్నది నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నదానికి నీవు జవాబుదారీవి. నీ చేతిలో లేనిదాన్ని మోయడానికి ప్రయత్నిస్తే వీపు విరుగుతుంది. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని సూరహ్ అల్ బఖరహ్ చివరి వాక్యం తెలుపుతున్నది. అల్లాహ్ వేయని భారాన్ని మనమే నెత్తికెత్తుకోవడం దేనికి? కొనుగోలుదారు వద్దన్నది సరుకును. నిన్ను కాదు. నీ విలువ ఆదం సంతానానికి అల్లాహ్ ప్రసాదించిన గౌరవంలో ఉంది, ఆఫీసు గోడమీది పట్టికలో లేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) జీవితం మీకు తెలిసినదే. మక్కాలో ఉన్నదంతా వదిలి ఆయన మదీనాకు వచ్చారు. ఆయన సోదరుడిగా నియమితులైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, తనకు బజారు దారి చూపితే చాలన్నారు. ఎండబెట్టిన పెరుగు గడ్డలు, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టారు. కొద్ది కాలంలోనే సొంత సంపాదనతో పెళ్లి చేసుకున్నారు, తరువాత సహాబాలలో గొప్ప ధనవంతులయ్యారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన ఆ మహనీయుని మదీనా జీవితం చిన్న సరుకుతో, పరిచయం లేని బజారులో ప్రారంభమైంది. కనుక చిన్న అమ్మకం చేసేవాణ్ణి చిన్నవాడిగా చూడకండి. మీరు కూడా మిమ్మల్ని అలా చూసుకోకండి.

దైవంపై భరోసా అంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయని దైవప్రవక్త (స) ఉపమానం ఇచ్చారు. పక్షి గూటిలో కూర్చోలేదు, వెళ్లింది. అయితే సాయంత్రానికి గూటికి తిరిగి వచ్చింది కూడా. ఆ రెండవ సగాన్ని మనం మరచిపోతున్నాం. ఉదయం బయలుదేరడం ఎంత భరోసాయో, సాయంత్రం పని ఆపి ఇల్లు చేరడం కూడా అంత భరోసాయే. ఈ రోజు దొరకనిది రేపు అల్లాహ్ ఇస్తాడని నమ్మినవాడే నిశ్చింతగా దుకాణం మూయగలడు.

మూడవది అన్నిటికన్నా లోతైనది. ఎందరో యువకులు చాలా పని చేశామని అలసిపోలేదు, తప్పు పని చేయవలసి వస్తున్నదని అలసిపోయారు. నిజం దాచి అమ్మమంటారు. ఈ రోజుతో ఆఫరు ముగుస్తుందని రోజూ చెప్పమంటారు. కార్డు ఉచితమని చెప్పి, ఏటా కట్టవలసిన రుసుము గురించి నోరు మెదపవద్దంటారు. అనుమతులు రాని వెంచరును అన్నీ వచ్చాయని చూపమంటారు. అవతల ఉన్నది పింఛను డబ్బు పట్టుకుని వచ్చిన వృద్ధుడు. ఆ రాత్రి నిద్ర రాకపోతే అది అనారోగ్యం కాకపోవచ్చు. అది బతికి ఉన్న ఈమాన్ కొట్టే తలుపు చప్పుడు కావచ్చు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్ప దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. పైన పొడిగా, లోపల తడిగా ఉంది. వాన పడిందని వర్తకుడు సంజాయిషీ చెప్పాడు. మరి తడి గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడికీ తనకూ సంబంధం లేదన్నారు. ఆ వర్తకుడు వాన కురిపించలేదు. సరుకు తడవడం అతని నేరం కాదు. దాచడమే నేరమైంది. అలాగే సరుకులో లోపం ఉండటం ఉద్యోగి తప్పు కాదు. ఆ లోపాన్ని దాచి అమ్మితే ఆ పాపంలో అతనికీ వాటా ఉంటుంది. క్రయవిక్రయాలు చేసే ఇద్దరూ నిజం పలికి, లోపాలను వెల్లడిస్తే ఆ బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే శుభం తుడిచిపెట్టుకు పోతుందనీ హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది.

కనుక రేపటి నుంచి ఒక్క నియమం పెట్టుకోండి. మీ తల్లి ఎదురుగా కూర్చుని కొంటున్నదనుకుని మాట్లాడండి. ఆమెకు ఏ షరతు చెప్పకుండా ఉండలేరో దాన్ని ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఒకటి రెండు బేరాలు పోవచ్చు. మనసులోని బరువు మాత్రం దిగుతుంది. నిజం చెప్పే విక్రేత దగ్గరికి కొన్నవాడే మరొకణ్ణి తీసుకువస్తాడు.

అమ్మే వస్తువే వడ్డీ ఒప్పందమైతే సంగతి మరింత గంభీరం. వడ్డీ తినేవానినీ, తినిపించేవానినీ, దాని పత్రం రాసేవానినీ, సాక్షులనూ దైవప్రవక్త (స) శపించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అటువంటి ఉద్యోగంలో ఉన్నవారు దాన్ని మామూలుగా తీసుకోరాదు. ఈ రోజు నుంచే మరో ఉపాధి కోసం గట్టిగా వెతకాలి. తమ ఇంటి పరిస్థితిని నమ్మకమైన ఉలమాకు దాచకుండా చెప్పి సలహా పొందాలి. అల్లాహ్‌కు భయపడేవాడికి ఆయన బయటపడే దారి చూపుతాడనీ, ఊహించని చోటు నుంచి ఉపాధినిస్తాడనీ సూరహ్ అత్ తలాఖ్‌లో ఉన్న వాగ్దానం ఇటువంటి సమయానికే.

అయితే ఉద్యోగం మానాలా, కొనసాగాలా? ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. పని హలాల్ అయి, కష్టం మాత్రమే ఉంటే, విశ్రాంతితో, పద్ధతితో కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. అది సహనం. పని ధర్మాన్ని గాని, ప్రాణాన్ని గాని హరిస్తుంటే, అక్కడ ఉండిపోవడం సహనం అనిపించుకోదు. నిర్ణయం మాత్రం నెలాఖరు కోపంలో తీసుకోవద్దు. ఇస్తిఖారా నమాజు చేయండి. అనుభవజ్ఞులను సంప్రదించండి. వీలైతే రెండు మూడు నెలల ఇంటి ఖర్చు కూడబెట్టుకోండి. నియామక పత్రంలో రాసిన నోటీసు గడువు పాటించండి, రావలసిన పత్రాలు, బకాయిలు అడిగి తీసుకోండి. ఒంటెను కట్టివేసి ఆ పిదప అల్లాహ్‌ను నమ్ముకోమన్న ప్రవక్త బోధ ఇక్కడా వర్తిస్తుంది.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక! ఆయననే క్షమాభిక్ష వేడుకోండి. ఆయన అమితంగా క్షమించేవాడు, కరుణించేవాడు.

(రెండవ ఖుత్బా)

అల్లాహ్‌కే స్తోత్రం. దైవప్రవక్త (స) పై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! ఇంతవరకు అలసిన యువకునితో మాట్లాడాం. కాని బరువు మోసేవాడికే అన్ని ఉపదేశాలూ చెప్పి, బరువు ఎత్తినవారిని వదిలివేయడం న్యాయం కాదు. ఈ సఫ్‌లలో దుకాణాల యజమానులు ఉన్నారు, మేనేజర్లు ఉన్నారు, తల్లిదండ్రులు ఉన్నారు, రోజూ ఫోన్లు అందుకునే మనమందరం ఉన్నాం.

యజమానుల కోసం ఖుర్ఆన్‌లో ఒక చక్కని దృశ్యం ఉంది. హజ్రత్ మూసా (అ) ఈజిప్టును విడిచి, చేతిలో ఏమీ లేకుండా మద్‌యన్ చేరుకున్నారు. అక్కడ ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్లు తోడిపెట్టి, నీడలోకి వెళ్లి, తన ప్రభువు ఏ మేలు పంపినా తాను దానికి అక్కరగలవాడినేనని విన్నవించుకున్నారు. పిలుపు వచ్చింది. ఆ స్త్రీల తండ్రి ఆయనకు పని ఇచ్చారు. సూరహ్ అల్ ఖసస్ 27వ వాక్యంలో ఆ పెద్దమనిషి మాటలు చూడండి. గడువు ఎనిమిది సంవత్సరాలని స్పష్టం చేశారు. పది పూర్తి చేస్తే అది మూసా (అ) ఇష్టమన్నారు. ఆయనను కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదన్నారు. ఒక ఒప్పందం ఎలా ఉండాలో ఇందులో ఉంది: షరతులు ముందే చెప్పాలి, అదనపు పని ఇష్టపూర్వకంగా ఉండాలి, పనివాణ్ణి నలిపే ఉద్దేశం ఉండరాదు.

మరి మన దుకాణాల సంగతి ఏమిటి? హైదరాబాదులో రంజాన్ చివరి రోజులు వస్తే పత్తర్‌గట్టీ, చార్మినార్ పరిసరాల దుకాణాలు తెల్లవారుజాము దాకా కిటకిటలాడతాయి. అక్కడ బట్టలు విప్పి చూపే కుర్రవాడు కూడా ఉపవాసమే ఉన్నాడు. లైలతుల్ ఖద్ర్ కోసం యజమాని ఎదురుచూస్తున్నాడు, అతనికి ఆ రాత్రి అక్కర్లేదా? అతనికి వంతులవారీగా నమాజుకు, ఇఫ్తారుకు, కాసేపు కూర్చోవడానికి అవకాశం ఇవ్వండి. మీ చేతికింద ఉన్నవారు మీ సోదరులనీ, వారి శక్తికి మించిన పని చెప్పవద్దనీ, చెప్పవలసి వస్తే మీరూ సాయం చేయాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించిన హదీసు ఖుద్సీ సహీహ్ బుఖారీలో ఉంది. సంపాదించిన ఇన్సెంటివ్‌ను ఏదో సాకుతో కోసివేసేవారు ఆ హెచ్చరికకు భయపడాలి.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. మందుల ప్రతినిధుల వంటి అమ్మకాల ఉద్యోగుల కోసం 1976లోనే మన దేశంలో ప్రత్యేక చట్టం చేశారు. నియామక పత్రం ఇవ్వాలనీ, జీతంతో కూడిన సెలవు ఉండాలనీ అందులో నిర్దేశించారు. హక్కు అడగడం దురాశ కాదు. యువకులు చేరేటప్పుడే షరతులను కాగితం మీద తీసుకోవాలి.

తల్లిదండ్రులారా! సాయంత్రం ఇంటికి వచ్చిన కొడుకును, కూతురిని ఎంత తెచ్చావని అడిగే ముందు ఎలా ఉన్నావని అడగండి. ఫలానావారి అబ్బాయి దుబాయిలో ఇంత పంపుతున్నాడన్న పోలిక తీసుకురాకండి. ఆఫీసులో ఒక పట్టిక వాడిని పోల్చుతూనే ఉంది, ఇంట్లో మరొకటి వద్దు. పెళ్లిళ్ల ఆర్భాటాల కోసం అప్పులు చేసి వాటి వాయిదాలను వాడి మెడకు కట్టకండి. వాయిదాల బరువే చాలామందిని చెడ్డ ఉద్యోగంలో కట్టిపడేస్తున్నది.

ఇక మనమందరం. అక్కర్లేని ఫోను వస్తే వద్దని చెప్పే హక్కు మనకుంది. కసిరే హక్కు లేదు. మంచి మాట, మన్నింపు అన్నవి మనసు నొప్పించే దానం కన్నా మేలని సూరహ్ అల్ బఖరహ్ బోధిస్తున్నది. 'వద్దు నాయనా, అల్లాహ్ నీకు శుభం కలిగించుగాక' అనడానికి క్షణం పడుతుంది. ఆ రోజు ఆ పిల్ల విన్న ఒకే ఒక్క మంచి మాట అదే కావచ్చు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు సౌమ్యంగా ఉండేవాణ్ణి అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ దుఆలో కొనేవాడి పేరు కూడా ఉంది.

చివరగా ఒక గంభీరమైన మాట. సూరహ్ అన్ నిసా 29వ వాక్యాన్ని శ్రద్ధగా చూడండి. ఒకరి సొమ్ము ఒకరు అక్రమంగా తినవద్దనీ, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకమే ధర్మమనీ అల్లాహ్ అందులో చెప్పాడు. అదే వాక్యంలో, వెంటనే, మిమ్మల్ని మీరు చంపుకోవద్దని వారించాడు. తాను మీ పట్ల ఎంతో దయగలవాడినని చెప్పి ముగించాడు. వర్తకం, ప్రాణం, దైవకారుణ్యం మూడూ ఒకే చోట ఉన్నాయి. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఒక ప్రయాణంలో, గడ్డకట్టే చలి రాత్రి స్నానం చేస్తే ప్రాణానికి ముప్పని భయపడి తయమ్ముమ్‌తో నమాజు చేయించారు. దైవప్రవక్త (స) అడిగితే ఈ వాక్యాన్నే కారణంగా చూపారు. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. నమాజు కోసం చేసే స్నానాన్ని కూడా ప్రాణరక్షణ కోసం వదిలే వెసులుబాటు ఇచ్చిన ధర్మం మనది. ఏ టార్గెట్ అయినా, ఏ బాకీ అయినా ప్రాణం కన్నా పెద్దది కాదు.

ఎవరికైనా బ్రతుకు మీద విరక్తి కలుగుతుంటే, చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఒంటరిగా మోయకండి. ఇంట్లో చెప్పండి, స్నేహితునికి చెప్పండి, మీ ఇమాం సాహెబ్‌కు చెప్పండి. వైద్యుణ్ణి కలవండి. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. మనసు చికిత్స అందుకు మినహాయింపు కాదు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు. ఈ నంబరును మీ ఫోన్లలో రాసుకోండి. మీకు అవసరం రాకపోయినా పక్కవారికి రావచ్చు.

మసీదు కమిటీల వారికి ఒక విన్నపం. ఇషా తరువాత నెలకు ఒక రోజైనా ఈ యువకులను కూర్చోబెట్టుకోండి. ఎవరికి ఏ పని వచ్చో, ఎవరి దుకాణంలో ఖాళీ ఉందో, ఎవరు వడ్డీ ఉద్యోగం వదలాలని తపిస్తున్నారో తెలుసుకోండి. సఅద్ బిన్ రబీ (రజి) లాగా సగం ఆస్తి ఇవ్వలేకపోవచ్చు. బజారుకు దారి చూపడం మనలో చాలామందికి చేతనవుతుంది.

దైవప్రవక్త (స) తరచుగా చేసిన ఒక దుఆలో చింత, దుఃఖం, అశక్తత, సోమరితనం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, మనుషుల పెత్తనం, వీటన్నిటి నుంచి శరణు కోరారు. ఆ దుఆను నేర్చుకుని ఉదయం పనికి బయలుదేరే ముందు చదవండి. నేటి విక్రేతను కుంగదీసేవి దాదాపుగా అన్నీ అందులో ఉన్నాయి.

ఓ అల్లాహ్! మా యువకుల అలసటను నీవు చూస్తున్నావు. వారికి హలాల్ ఉపాధిని విస్తృతంగా ప్రసాదించు. అబద్ధం చెప్పవలసిన అగత్యం నుంచి వారి నాలుకలను కాపాడు. వారి ఇళ్లను వారికి నీడగా చేయి. ఓ అల్లాహ్! పని ఇచ్చేవారి హృదయాలలో దయను నింపు. అప్పులలో ఉన్నవారి అప్పులు తీర్చు. రోగగ్రస్తులకు స్వస్థత చేకూర్చు. నిరాశలో ఉన్నవారికి నీ కారుణ్యం మీద ఆశను పునరుద్ధరించు. మమ్మల్ని, మా తల్లిదండ్రులను, సమస్త విశ్వాసులను క్షమించు. ఆమీన్!

అల్లాహ్ దాసులారా! నమాజుకు లేవండి. నమాజు ముగిశాక బజారుకు తిరిగి వెళ్లేటప్పుడు ఉపాధినిచ్చేవాడెవరో గుర్తుంచుకుని వెళ్లండి.